మామ ఏ వైపు మనిషి

మా ఇంట్లో బావ అన్న మాట అరిగిపోయి చాలా ఏళ్ళయింది. కొళాయి కారితే బావా, సిలిండర్ అయిపోతే బావా, కరెంటు పోతే బావా. పెళ్ళికి ముందూ అదే పిలుపు, పెళ్ళయ్యాకా అదే. ఆయన మా అమ్మకు సొంత అన్న కొడుకు. బెంగళూరు కె.ఆర్.పురంలో మా ఇల్లొక వీధిలో ఉంటే మామ ఇల్లు పక్క వీధిలో ఉండేది. నా పెళ్ళి ఊరేగింపు మొదలైన కాసేపటికే అయిపోయిందని బంధువులు ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. అత్తగారింటికి వెళ్ళిన మొదటి రోజే వంటింట్లో ఉప్పు ఎక్కడుందో నేను ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది. అంత తెలిసిన ఇల్లు.

బావ జిగణిలో ఒక ఫ్యాక్టరీలో షిఫ్ట్ సూపర్‌వైజర్. ఏడాదికోసారి అక్కడికి వైద్య పరీక్షల బండి వస్తుంది. రక్తం తీసుకుంటారు, కళ్ళు చూస్తారు, ఛాతీకి తీగలు తగిలించి ఈసీజీ తీస్తారు. ప్రతిసారీ అంతా బాగుందనే చెప్పేవారు. ఆ ఏడు మాత్రం గుండె డాక్టరుకు చూపించుకోమన్నారు. ఆ సంగతి బావ నాకు వెంటనే చెప్పలేదు. రెండు మూడు రోజులు పోయాక, పొద్దున తిండి దగ్గర, చట్నీలో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా చెప్పాడు.

"సుమ్నే, ఊరికే చెప్పినార్లే. ఆయమ్మ తీగలు సరిగా అంటించల్యా."

"ఇన్నాళ్ళు కడుపులో పెట్టుకోని తిరుగుతా ఉండావా?"

"ఏముండాది అందులో? గ్యాస్ అయ్యుంటాది."

మా వాళ్ళకు నడుము పైనుంచి మెడ కింద వరకు ఏ నొప్పి వచ్చినా గ్యాసే. సోడా తాగితే పోవాలి, పోకపోతే వాము నీళ్ళు, దానికీ పోకపోతే దిష్టి. నాకు ఒళ్ళు మండింది. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. అరవడం నాకు జీతంతో పాటు వచ్చిన అలవాటు. ఆ అరుపుకు పక్కింటావిడ బాల్కనీలోకి వచ్చింది, బావ ఆసుపత్రికి వచ్చాడు.

గుండె డాక్టరు ఉత్తరాది మనిషి. చాలా మర్యాదస్తుడు. ఇంగ్లీషులో మెల్లగా, మాట మాటకీ మధ్య ఆగి మాట్లాడతాడు. అలాంటి డాక్టర్లంటే నాకు భయం. గబగబా మాట్లాడి పంపించేసేవాళ్ళ దగ్గర రోగం చిన్నదన్న ధైర్యం ఉంటుంది. ఈయన బావను పడుకోబెట్టి ఛాతీకి చల్లటి జిగురు పూసి ఎకో తీశాడు. తెర మీద గుండె మూసుకుంటూ తెరుచుకుంటూ కనిపించింది. ఆయన ఒకచోట ఆపి కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. మూడోసారి కొలుస్తుంటే నేను గోడ మీదున్న క్యాలెండరు వైపు చూశాను.

గుండెలో కింది రెండు గదుల మధ్య గోడ ఉండాల్సిన దానికంటే మందంగా ఉందన్నాడు. బీపీ ఉన్నవాళ్ళకు గుండె కష్టపడి కష్టపడి కండ పెంచుకుంటుందట. బావకు బీపీ లేదు. పెరగడానికి బయటి కారణం ఏదీ కనిపించడం లేదు కాబట్టి ఇది పుట్టుకతో వచ్చిన గుణం కావచ్చన్నాడు. ఇలాంటి గుండె ఏళ్ళ తరబడి ఏ బాధా పెట్టకుండా ఉండవచ్చు. ఏదో ఒక రోజు ఉన్నట్టుండి లయ తప్పవచ్చు.

"మీ ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్ళు ఉన్నారా?" అని అడిగాడు.

"మా నాన్న," అన్నాడు బావ. "ఎండదెబ్బకు పోయాడు."

"ఎండదెబ్బ అని ఎవరు చెప్పారు?"

మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నిజమే, ఎవరు చెప్పారు? మామకు నలభై కూడా నిండలేదు. చందాపుర సర్కిల్ దగ్గర కదిలిపోతున్న బస్సు వెంట పరిగెత్తి, డ్రైవరు చూసి ఆపేసరికి రోడ్డు మీద పడిపోయాడు. ఎవరో నీడలోకి మోసి మొహాన నీళ్ళు కొట్టారు. అప్పటికే అయిపోయింది. ఎండాకాలం కాబట్టి ఎండదెబ్బ అన్నారు. నేనప్పుడు ఆరో తరగతి. మామ నన్ను భుజాల మీద ఎక్కించుకుని కరగ ఉత్సవం చూపించిన మనిషి, ఎత్తు మీద నుంచి జనం తలలన్నీ చూపించిన మనిషి. ఆయన పడిపోయాడంటే నేను నమ్మలేదు. ఇంకా వెనక్కి వెళ్తే మామ తండ్రి కూడా ముప్పైల్లోనే, మడి దున్నుతూ కాడి పక్కన కూలిపోయాడట. దానికి దయ్యం కొట్టిందన్నారు. మా ఇంట్లో ఒక్కో చావుకు ఒక్కో కారణం ఉంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు లేరు.

డాక్టరు నా వైపు తిరిగాడు. "మేడమ్, మీ వైపు ఇలాంటివి ఏమైనా?"

"లేదు సార్. మా వైపు ఎవరూ లేరు," అన్నాను. కాస్త గర్వంగానే అన్నాననుకుంటాను.

ఆ జవాబులో అబద్ధం లేదు. మాకు అలవాటైన లెక్క అది. నా మెడలో తాళి పడిన రోజునే మామ నాకు మామగారైపోయాడు. ఆయన పటం బావ ఇంట్లో ఉంది, తద్దినం బావ పెడతాడు. మా వైపంటే మా నాన్న, ఆయన అన్నదమ్ములు. అందరూ మనవళ్ళను ఎత్తుకుని, పళ్ళూడి, తీరిగ్గా వెళ్ళినవాళ్ళే. డాక్టరు తల ఊపి, అయితే పిల్లలకు పరీక్ష చేయించండి, తండ్రికి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం సగం అన్నాడు.

మాకున్నది ఒక్కతే కూతురు. ఇంజినీరింగ్ రెండో ఏడు. కాలేజీ త్రోబాల్ జట్టులో ముందు వరసలో ఆడుతుంది. సగం అంటే ఏమిటో నేను పదో తరగతి పిల్లలకు ఏటా నాణెం ఎగరేసి చెబుతాను. బొమ్మో బొరుసో, దేనికైనా సమానమే అంటాను. మొదటిసారి ఆ మాట నాకే చేదుగా తగిలింది.

దాని ఎకో తీసినప్పుడు గోడ కొద్దిగా మందంగానే కనిపించింది. అయితే ఆటలాడేవాళ్ళ గుండె మామూలుగానే కొంచెం కండపడుతుందట. ఇది ఆట వల్ల వచ్చిందా, పుట్టుకతో వచ్చిందా అన్నది ఇప్పుడే చెప్పలేమన్నాడు డాక్టరు. కొన్నాళ్ళు ఆట మాని చూడమన్నాడు, తగ్గవచ్చు, తగ్గకపోవచ్చు. ఈలోగా బావ రక్తం జన్యు పరీక్షకు వెళ్ళింది. గుండె కండరాన్ని తయారుచేసే ఒక జన్యువులో మార్పు ఉందని తేలింది. కూతురికి కూడా అదే పరీక్ష చేసే ముందు, జన్యువుల సంగతి వివరించే మేడమ్‌ను కలవమన్నారు.

ఆ మేడమ్ చిన్న వయసు పిల్ల. అనంతపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిందట. తెలుగు వినగానే మాకు ప్రాణం లేచొచ్చింది. అమ్మాయి కాలేజీలో ఉంది, మేమిద్దరమే వెళ్ళాం. ఆమె తెల్ల కాగితం మీద మా కుటుంబాన్ని గీస్తోంది. మగవాళ్ళకు చదరాలు, ఆడవాళ్ళకు సున్నాలు. పోయినవాళ్ళ మీద అడ్డంగా ఒక గీత. బావ పైన మామ, మామ పైన తాత, ఇద్దరి మీదా గీతలు. నేను మాత్రం పక్కన ఒంటి సున్నాగా ఉన్నాను. నా పైన ఇంకా ఎవరినీ గీయలేదు.

ఆమె పాత రిపోర్టు ఏదో అడిగింది. అది బావ ఒళ్ళో ఉన్న సంచిలో ఉంది.

"బావా, ఆ సంచి ఇట్టియ్యి," అన్నాను.

ఆమె పెన్సిల్ ఆగింది.

"మేడమ్, సార్‌ని బావా అని ఊరికే పిలుస్తారా? నిజంగా వరసకు బావేనా?"

ఇప్పటి పిల్లలు ముద్దుకు మొగుణ్ణి బావా అంటున్నారు కదా, అందుకని అడిగిందనుకున్నాను. బావకైతే ఉత్సాహం వచ్చింది. "నిజం బావనే మేడమ్. మా సొంత మేనత్త కూతురే ఇది. చిన్నప్పుడే పేరు పెట్టేసినారు," అన్నాడు.

"అంటే సార్ వాళ్ళ నాన్నగారు మీకు..."

"మామ. మా అమ్మకు అన్న."

"మరి మీ వైపు ఎవరూ లేరని డాక్టరుగారికి చెప్పారు కదా మేడమ్?"

"మామ ఈయన వైపు కదమ్మా," అన్నాను.

ఆ మాట నోట్లోంచి బయట పడ్డాక గాని దాని అర్థం నాకు తెలియలేదు. ఆమె నన్ను ఏమీ అనలేదు. నా సున్నా పైన మా అమ్మను గీసింది. అమ్మ నుంచి అడ్డంగా ఒక గీత తీసుకెళ్ళి మామ పక్కన కలిపింది. తర్వాత నాకూ బావకూ మధ్య ఉన్న గీత పక్కనే ఇంకో గీత గీసింది. ఎందుకని అడిగితే, రక్తసంబంధంలో జరిగిన పెళ్ళికి అది గుర్తన్నది. అందరి పెళ్ళికి ఒక గీత, మా పెళ్ళికి రెండు. బావ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఆయనకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

ప్రతి జన్యువూ మనకు రెండు కాపీలుగా ఉంటుందని ఆమె చెప్పింది. ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. బావకు చెడ్డ కాపీ ఒకటి, మంచిది ఒకటి. తాత దగ్గర మొదలైన మార్పు మామకు వచ్చినట్టే మా అమ్మకూ వచ్చి ఉండవచ్చు. అమ్మ నుంచి నాకు రావచ్చు. నాకూ ఉంటే, మా కూతురికి ఒక చెడ్డ కాపీ బావ నుంచి, ఇంకొకటి నా నుంచి చేరే అవకాశం ఉంది. ఆమె చెబుతుండగానే నా బుర్రలో నాలుగు గళ్ళ పట్టిక తయారైపోయింది. ఒక గడిలో ఏమీ లేదు. రెండు గళ్ళలో ఒకటి. చివరి గడిలో రెండూ.

"రెండూ వస్తే ఏమవుతాదమ్మా?" బావ అడిగాడు. ఇప్పుడాయన మొహంలో నవ్వు లేదు.

"గోడ చిన్న వయసులోనే మందమవుతుంది సార్. లయ తప్పే ప్రమాదం ఎక్కువ. అందరికీ ఒకేలా ఉంటుందని చెప్పలేం. ముందు మేడమ్‌కి, పాపకి ఇద్దరికీ పరీక్ష చేద్దాం."

ఇంటికి వచ్చే దారిలో ఆటో కుదుపుల్లో ఏదో చెప్పాలని ఆయన్ని పిలవబోయాను. ఎప్పుడూ పిలిచే పిలుపు నోటికి రాలేదు. భుజం తట్టి, ఏం చెప్పాలనుకున్నానో మరిచిపోయాను.

ఆ సాయంత్రం అమ్మ దగ్గరికి వెళ్ళాను. ఇప్పటికీ ఆ పాత ఇంట్లోనే మా తమ్ముడి దగ్గర ఉంటుంది. చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుంది. ఆయాసం ఏమైనా ఉందా అని అడిగాను.

"మెట్లెక్కితే దమ్ము వస్తాదప్పా. ఈ వయసులో ఎవురికి రాదు?"

"ఎన్నాళ్ళ నుంచి?"

అమ్మ చిక్కుడుకాయ చేతిలో పట్టుకుని కాసేపు ఆలోచించింది. "నువ్వు కడుపులో ఉండంగా మొదులైండేది. కాన్పైతే పోతాది అన్యారు. పోల్యా. అలవాటైపాయ."

నాకు నలభై ఆరేళ్ళు. అన్నేళ్ళుగా ఆమె ఆయాసపడుతూనే బిందెలు మోసింది, మమ్మల్ని మోసింది. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. విషయం అంతా విప్పి చెప్పాను. అమ్మ చేతిలోని చిక్కుడుకాయ పళ్ళెంలో పెట్టేసింది. "మా యన్న పోయినంక ఆ ఇల్లు పాడుబడిపోతాదని నిన్నిచ్చినానే," అంది. "బయటి పిల్ల అయితే మా వదినెను చూసుకుంటాదో లేదో అని. నీ మింద నమ్మకంతో ఇచ్చినా."

అది నాకూ తెలుసు. మామ అంత చిన్న వయసులో పోకపోతే మా పెళ్ళి అంత పట్టుదలగా జరిగేది కాదు. ఏ గుండె ఆయన్ని రోడ్డు మీద పడేసిందో, అదే గుండె వల్ల నేను ఆ ఇంటి కోడలినయ్యాను. అమ్మ మీద కోపం తెచ్చుకుందామని చూశాను. ప్రేమతో చేసిన పని మీద కోపం నిలబడలేదు. అన్నని కాపాడుకోలేకపోయిన చెల్లెలు అన్న ఇంటిని కాపాడుకుంది, అంతే.

నా రక్తం, కూతురి రక్తం ఒకేసారి పంపించి, నాకూ ఎకో తీశాక ఎదురుచూడటం మొదలైంది. అమ్మాయి మెట్లు దిగి పరిగెడితే నా పని ఆగిపోయేది. స్నానానికి వెళ్ళి కాస్త ఆలస్యమైతే తలుపు కొట్టేదాన్ని. పగలు సోఫాలో పడుకుంటే పక్కనుంచి నడిచి వెళ్తూ దుప్పటి కదులుతోందా లేదా అని చూసేదాన్ని. బావ తన మాత్రలు తాను మింగుతూ, తన గుండె సంగతి ఎవరైనా అడిగితే చిరాకుపడేవాడు. ఆయన లెక్కలో ఆయన రోగం అయిపోయిన విషయం. టీవీలో ఎవరైనా పరిగెత్తుతూ కనిపిస్తే చానెల్ మార్చేసేవాడు.

ఒక మధ్యాహ్నం అది కాలేజీ నుంచి చెమటతో తడిసిన టీషర్టు సంచిలో కుక్కుకుని వచ్చింది. ఆ వాసన నాకు తెలియనిదా.

"ఆడినావా?"

"వన్ సెట్ మమ్మీ. జస్ట్ ఒకటే. స్పోర్ట్స్ హార్ట్ అయ్యుండొచ్చని డాక్టరే అన్నాడు కదా."

"ఉండొచ్చు అన్యాడు. అదే అని చెప్పల్యా."

"మరి లేదు అని కూడా చెప్పలేదు కదా! నువ్వు నన్ను చూసే చూపు ఉంది చూడు, అదే నాకు బేజారు. ఆల్రెడీ చచ్చిపోయినట్టు చూస్తావు."

నేను ఏదో అరవబోయాను. గొంతు లేవలేదు. తరగతి గదిలో వెనక బెంచీ వరకూ వినపడే గొంతు నాది. అమ్మాయి నన్ను చూసి భయపడింది, వచ్చి పక్కన కూర్చుంది. ఇంక ఆడనులే అంది. ఆ మాట నిలబెట్టుకుంది కూడా.

ఫలితం వచ్చిందని ఫోన్ వస్తే ముగ్గురం వెళ్ళాం. తనతో నేరుగా చెప్పాలని, మాతో గుసగుసలాడవద్దని అమ్మాయి ముందే షరతు పెట్టింది. ఆ మేడమ్ కూడా దాని కళ్ళలోకే చూస్తూ చెప్పింది. మీ అమ్మకూ ఆ మార్పు ఉంది. అమ్మ గుండె గోడ ఇప్పటికి మామూలుగానే ఉంది, ఏటా చూపించుకుంటూ ఉండాలి. ఇక నీకు రెండు కాపీల్లోనూ ఉంది.

"రెండూనా?" అంది అమ్మాయి.

"రెండూ."

అది బల్ల మీదున్న పేపర్‌వెయిట్‌ను కాసేపు తిప్పింది. "సో, నా దగ్గర మంచిది ఒక్కటి కూడా లేదు," అంది. ప్రశ్నలా అనలేదు. బావ కిటికీ వైపు తిరిగి ముక్కు తుడుచుకున్నాడు. ఆ తర్వాత డాక్టరు గదిలో జరిగిన మాటలు నాకు ముక్కలుగానే గుర్తున్నాయి. ఆట పూర్తిగా మానాలి. మాత్రలు మొదలుపెట్టాలి. గుండె లయ తప్పితే షాక్ ఇచ్చి దారికి తెచ్చే చిన్న యంత్రాన్ని చర్మం కింద పెట్టడం గురించి త్వరలో నిర్ణయించాలి. ఇలాంటివాళ్ళు జాగ్రత్తగా ఉంటూ బతుకుతున్నారు, ధైర్యంగా ఉండండి అన్నాడాయన. అదే మర్యాద, అదే మెల్లటి మాట.

బావ మందులు తెస్తానని ఆగిపోయాడు. నేనూ అమ్మాయీ మెట్రోలో బయల్దేరాం. కె.ఆర్.పురంలో దిగి, రోడ్డు అవతలి వైపుకు వెళ్ళడానికి మళ్ళీ పైకెక్కాలి. జనం తోసుకుంటూ మెట్ల మీదికి వెళ్తున్నారు. అమ్మాయి మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. పెట్టిన కాలు వెనక్కి తీసుకుంది.

"మమ్మీ, లిఫ్ట్‌లో వెళ్దామా?"

లిఫ్ట్ దగ్గర చేతికర్ర పట్టుకున్న ఒక పెద్దాయన, మోకాళ్ళకు పట్టీలు కట్టుకున్న ఇద్దరు ముసలమ్మలు నిలబడి ఉన్నారు. వాళ్ళ వెనక పంతొమ్మిదేళ్ళ నా కూతురు నిలబడింది. ముసలమ్మల్లో ఒకావిడ దాన్ని కింద నుంచి పై వరకు చూసి, వయసులో ఉన్నవాళ్ళకు కూడా సోమరితనం ఎక్కువైందని పక్కావిడతో కన్నడలో అంది. ఆవిడ మీద నా నోరు లేచేదే. అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

పట్టుకుని, ఆ చేతిని తన ఎడమ రొమ్ము పక్కన పెట్టుకుంది. జనంలో, అందరూ చూస్తుండగా.

"ఇప్పుడు ఫాస్ట్‌గా కొట్టుకుంటోంది చూడు. ఇది నాకు భయమేసి కొట్టుకోవడమేనా మమ్మీ? లేకపోతే అదా?"

నా అరచేతి కింద దాని గుండె దబదబా కొట్టుకుంటోంది. కడుపులో మోసినప్పటి నుంచి నాకు తెలిసిన చప్పుడు అది. భయమేలే, ఏం కాదు అని చెప్పాలి. ఏ తల్లి అయినా చెబుతుంది. లిఫ్ట్ తలుపు తెరుచుకుంది, ముందున్నవాళ్ళు లోపలికి వెళ్ళారు, అది నా మొహం వైపు చూస్తూనే ఉంది. ఏది భయమో, ఏది రోగమో నాకు తెలియలేదు.